బాపట్ల దాకా ఇంగ్లీషు వింటూ

రేపల్లె శాఖా గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాలకు ఒకే బీరువా ఉండేది. ఎనభైల మధ్యలో, నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి, ఆ బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. కోళ్ల పెంపకం మీద ఉన్నది కూడా అట్ట నుంచి అట్ట దాకా చదివాను. పదో తరగతి తర్వాత నాకు చదువు చెప్పింది ఆ బీరువాయే. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ వెనుకాడలేదు. అయితే మనిషి నోట ఇంగ్లీషు వస్తే ఎలా ఉంటుందో మాత్రం అది నేర్పలేదు. గ్రంథాలయం రేడియోలో ఇంగ్లీషు వార్తలు వచ్చే వేళకి కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చునేదాన్ని. ఊళ్ల పేర్లు, మంత్రుల పేర్లు అందేవి. మిగతాదంతా పెంకుటింటి మీద వానలా చప్పుడు చేసి జారిపోయేది.

అలాంటిదాన్ని ఇంగ్లీషు వినడం కోసమే బాపట్ల ప్రయాణం కట్టాను. ఎందుకో ముందు చెప్పాలి.

మాది లూథరన్ కుటుంబం. చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్లందరికీ ఏటా కోతలకు ముందు బాపట్లలో సభ జరుగుతుంది. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు మాట్లాడితే, పక్కన ఒకరు నిలబడి వాక్యం వెంట వాక్యం తెలుగులో చెబుతారు. దాన్ని మావాళ్లు తర్జుమా అంటారు. మా వైపు తర్జుమా అంటే దైవసహాయం మాస్టారే. రిటైరైన హెడ్మాస్టరు. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. దొర చెయ్యెత్తితే ఆయనా ఎత్తేవారు, దొర నవ్వితే ఆయనా నవ్వేవారు.

ఆ ముందటేడు సభకు స్వీడన్ దేశపు నర్సు, సిస్టర్ ఇంగ్రిడ్ అనే ఆవిడ వచ్చి కాన్పుల గురించి మాట్లాడింది. ఆ రోజు నేను లేను. ఏం జరిగిందో మా స్త్రీల సమాజం పెద్ద రూతమ్మత్త చెప్పింది.

“ఆవిడేమో బ్లేడు నీళ్లల్లో మరగబెట్టినట్టు, బొడ్డు కోసినట్టు చేతుల్తో చూపిస్తంది. మాస్టారేమో 'పిల్లల్ని దేవుడి భయంలో పెంచండి' అంటన్నాడు. బ్లేడుకీ దేవుడి భయానికీ సంబంధం ఏంటే? ముందు వరసలో మేమంతా కొంగులు నోట్లో కుక్కుకున్నాం.”

“మరి ఎవరూ అడగలేదా అత్తా?”

“ఏం అడుగుతాం? పెద్దాయన, సిగ్గుపడ్డాడు పాపం. ఈ ఏడు ఆవిడే మళ్లీ వస్తంది. ఈసారి ఆడమనిషే నిలబడాలి. ఇంగ్లీషు పుస్తకాలు చదివే ఆడమనిషి మన్లో నువ్వు కాక ఇంకెవరున్నారు?”

“చదవడం వేరు, వినడం వేరత్తా.”

“కళ్లకి తెలిసింది చెవులకి తెలవదా, చోద్యం కాకపోతే!” అని రూతమ్మత్త లేచి వెళ్లిపోయింది. నేను ఒప్పుకున్నట్టే అయింది.

అయినా కాదనేదాన్నే. మా వదిన మార్తమ్మ కోసం ఆగాను. అన్నా వదినా పెనుమూడిలో ఉంటారు. మా అమ్మ కూడా వాళ్ల దగ్గరే. వదినకు పెద్దవాడు అప్పటికి ఐదేళ్లవాడు, దుక్కలా ఉండేవాడు. వాడి తర్వాత పుట్టిన ఆడపిల్ల పుట్టిన పూటే పసుపు రాసినట్టు పచ్చబడి మూడో రోజున పోయింది. ఆ తర్వాతది ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. అప్పుడు మళ్లీ ఐదో నెల. నిండు నెలల్లో నాట్లకు వెళ్లినందుకే అలా అయిందని మా అమ్మ అంటుంది. గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందని పక్కింటివాళ్లు అంటారు. మా అమ్మ మాట మా అమ్మదే, పక్కింటి మాట పక్కింటిదే. వినేది మాత్రం వదిన ఒక్కతే.

“ఆ నర్సమ్మని ఒకే ఒక్క మాట అడగాలి సుగుణా” అంది వదిన. “మొదటోడు బతికాడు గదా, తర్వాతోళ్లకి ఏమైందీ అని. అడగడం నేనే అడుగుతా. ఆవిడ చెప్పింది నువ్వు సరిగ్గా విను. అది చాలు నాకు.”

ఆ పని రేడియోతో అయ్యేది కాదని తెలిసిపోయింది. రేడియో ఎవరి కోసమూ ఆగదు. మనుషులు మామూలుగా మాట్లాడుకునే ఇంగ్లీషు వినాలి. రేపల్లెలో అలాంటిది ఎక్కడుంది? ఆలోచిస్తే ఒక దారి తోచింది. తెనాలి మీదుగా మద్రాసు వెళ్లే బండ్లలో అన్ని రాష్ట్రాల వాళ్లూ ఉంటారు. ఒకరి భాష ఒకరికి రానివాళ్లు ఇంగ్లీషులోనే మాట్లాడుకోవాలి. టిక్కెట్టు కొంటే చాలు, తెనాలి నుంచి బాపట్ల దాకా పాఠం దొరుకుతుంది.

శుక్రవారం తెల్లవారకముందే వదిన పెనుమూడి నుంచి మొదటి బస్సులో వచ్చింది. పిల్లాణ్ణి అమ్మ దగ్గర వదిలింది. మేం స్టేషన్ చేరేసరికి దైవసహాయం మాస్టారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నన్ను సాగనంపడానికి వచ్చారట. ఆయన చోటు నేను తీసుకున్నానని కోపంగా ఉంటారేమో అనుకున్నాను. కోపం లేదు సరికదా, నాకోసం పొట్లంలో పటికబెల్లం తెచ్చారు, గొంతుకు మంచిదని.

“అమ్మాయ్, నలభై ఏళ్ల అనుభవంతో ఒక మాట చెబుతాను. మధ్యలో ఒక ముక్క వినపడకపోతే ఆగమాకు. ఆగితే సభ చల్లారిపోద్ది. నీకు తెలిసింది ఏదో ఒకటి అందించి ముందుకి పో. తర్జుమా అంటే పారే కాలవ. ఆగకూడదు.”

“ఆవిడ చెప్పిందీ మనం చెప్పిందీ ఒకటి కాకపోతే మాస్టారూ?”

“మంచి మాటే గదమ్మా చెప్పేది? మంచి మాట తప్పెట్టా అవుద్ది?” అన్నారు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

బండి ఆరు దాటాక కదిలింది. రేపల్లె నుంచి తెనాలికి పాసింజరులో గంట పైన పడుతుంది. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. పల్లికోన, భట్టిప్రోలు, పెనుమర్రు, వేమూరు, ప్రతిచోటా ఆగుతుంది. పొద్దున్నే వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవడం మంచిది, ఎండ తగలదు. ఈ బండిలో ఇంగ్లీషు దొరకదు. దొరికేదల్లా కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, కోర్టు పని మీద వెళ్లేవాళ్లు. అయినా చెవిని సిద్ధం చేసుకోవడానికి ఒక పని చేశాను. కళ్లు మూసుకుని, పక్క సీట్లో ఇద్దరు రైతులు మినుముల ధర గురించి మాట్లాడుకుంటుంటే విన్నాను. తెలుగే అయినా సగం మాటలు వాళ్లు పూర్తిచేయడం లేదు. “ఆ మొన్నటిదైతే...” అని ఒకడంటే, “ఆ, అదే మరి” అని రెండోవాడు. వాళ్లకి అర్థమైపోతోంది. నాకూ అర్థమవుతోంది. పుస్తకాల్లో మాట్లాడుకునేవాళ్లు వాక్యం చివరిదాకా వెళతారు. ఇది నేను అంతకుముందు గమనించలేదు.

“నిద్రపోతన్నావా, వింటన్నావా?” అంది వదిన.

“వింటన్నా.”

“తెలుగు వినడానికి కళ్లు మూసుకోవడం ఎందుకే?”

తెనాలిలో ఏడున్నర ప్రాంతంలో దిగాం. మద్రాసు వైపు ఎక్స్‌ప్రెస్సుకి ఇంకా వ్యవధి ఉంది. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. ఇక్కడ అల్లం పచ్చడి బాగుంటుంది, కారప్పొడి అడిగితే నెయ్యి కూడా వేస్తారు. వదినకు వేవిళ్లు పోలేదు. ఒక ఇడ్లీ తిని, కొంగు ముడిలోంచి లవంగం తీసి నోట్లో వేసుకుంది. ప్లాట్‌ఫారం మీద మంచినీళ్ల కుళాయి పక్కన మంగళగిరి చీర కట్టుకున్న పెద్దావిడ ఒకామె, “ఎన్నో నెల తల్లీ? బండెక్కేటప్పుడు తొయ్యనివ్వమాక” అని చెప్పి, బండి రాగానే తానే ముందు నిలబడి జనాన్ని మోచేతులతో అడ్డుకుంది.

జనరల్ పెట్టెలో కూర్చోవడానికి చోటు దొరికింది. ఈ దారిలో ఇంగ్లీషు వినడానికి వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటి. మాట్లాడేవాళ్ల పక్కన కాదు, ఎదురుగా కూర్చోవాలి. పెదవులు కనిపిస్తే చెవికి సగం బరువు తగ్గుతుంది. నాకు ఎదురుగా ఇద్దరున్నారు. ఒకడు సిపాయి, పంజాబువాడట, సెలవు అయిపోయి మద్రాసు వెళుతున్నాడు. రెండోవాడు నీళ్ల పంపులమ్మే కంపెనీ ఉద్యోగి, తమిళుడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇంగ్లీషు కూడా ఇద్దరికీ అంతంతే. నాకు కావలసింది సరిగ్గా అలాంటి వాళ్లే.

బండి కదిలిన కాసేపటి వరకూ నాకు అర్థమైంది 'టీ' ఒక్కటే.

“ఏమంటన్నారే?” అంది వదిన మెల్లగా.

“టీ గురించి.”

“ఇంతసేపూ టీ గురించేనా? ఆ సిపాయి మొహం చూడు, పెళ్లాంతో పోట్లాడొచ్చాడు.”

సిపాయి నిజంగానే మొహం వేలాడేసుకున్నాడు. నేను మాట మాటనీ తెలుగులోకి మార్చుకునే ప్రయత్నం మానేశాను. అలా మార్చుకుంటూ ఉంటే ఒక మాట దగ్గర ఆగేలోపు నాలుగు మాటలు దాటిపోతున్నాయి. ఊరికే వింటూ, తెలిసినది ఏదైనా వస్తే దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టాను. 'లెఫ్ట్' అన్న మాట పట్టుకున్నాను. ఆ తర్వాత 'నైట్'. సిపాయి దవడ మీద చెయ్యి వేసుకున్నప్పుడు 'టూత్' అన్నది వినిపించింది. ఒక్కసారిగా అంతా వెలిగింది. పెళ్లామూ కాదు, పోట్లాటా కాదు. ఎడమవైపు పన్ను, రాత్రంతా నిద్రలేదు.

“పన్ను నొప్పంట వదినా.”

“అట్టా చెప్పు మరి!” అని వదిన ముడి విప్పి రెండు లవంగాలు తీసి సిపాయి చేతిలో పెట్టింది. అతను “థాంక్యూ, సిస్టర్, థాంక్యూ” అంటూ పంటి కింద పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అతను నా వైపు తిరిగి ఏదో అడిగాడు. ఎక్కడికి వెళుతున్నారని కాబోలు. మేం ఏ పని మీద ఎక్కడికి వెళుతున్నామో నేను పుస్తకంలో ఉన్నట్టుగా ఒక పెద్ద వాక్యంలో చెప్పాను. అతను నోరు తెరిచి “వాట్?” అన్నాడు.

నాకు చెవులు వేడెక్కాయి. అయితే అతను ఆ మాట అనడం అది మొదటిసారి కాదని అప్పుడు గుర్తొచ్చింది. ఇందాకటి నుంచీ వాళ్లిద్దరూ ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. ఒకడు 'వాట్' అంటాడు, రెండోవాడు తల ముందుకు వంచి 'సే అగైన్' అంటాడు. చెప్పినవాడు విసుగు లేకుండా మళ్లీ చెబుతాడు. ఒక్కోసారి మూడోసారి కూడా. దాంట్లో సిగ్గుపడేది ఏదీ ఉన్నట్టు వాళ్లకి తెలియదు. నేను మాత్రం బళ్లో రెండోసారి అడిగితే తొడపాశం పెట్టే మాస్టర్ల దగ్గర చదువుకున్నాను.

నా పెద్ద వాక్యాన్ని మూడు ముక్కలు చేసి మళ్లీ చెప్పాను. సిపాయి తలాడించాడు. నిడుబ్రోలు దాటాక పంపుల ఉద్యోగి నన్ను ఈ నేలలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయా అని అడిగాడు. సముద్రం వైపు పడతాయని, మా వైపు కాలవ నీళ్లేనని చెప్పాను. అప్పికట్ల వచ్చేదాకా మేం ముగ్గురం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. అంతా అర్థమైందని చెప్పను. ఏది అర్థం కాలేదో నాకు తెలుస్తోంది. పొద్దున అది కూడా తెలియలేదు.

బాపట్లలో దిగేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. సభ జరిగే ఆవరణ స్టేషన్ నుంచి నడిచే దూరమే గాని, వదిన కోసం రిక్షా మాట్లాడాను. బస ఆడపిల్లల హాస్టల్లో. పెద్ద హాలు, చాపలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. మధ్యాహ్నం అన్నం, పప్పు, గోంగూర పచ్చడి, చారు. నగరం అనే ఊరి నుంచి వచ్చినవాళ్లు అరిటాకుల్లో రొయ్యపొట్టు పొడి తెచ్చి వరస మొత్తానికి పంచారు.

సాయంత్రం సిస్టర్ ఇంగ్రిడ్ వచ్చింది. అరవై దగ్గర పడిన పొడవాటి మనిషి, నూలు చీర కట్టుకుంది. వరండాలో ఇక్కడి కాలేజీ లెక్చరరు, మలయాళం ఆవిడతో కూర్చుని మాట్లాడుతోంది. నేను టీ గ్లాసులు పట్టుకెళ్లి, తిరిగి రాకుండా అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. వేన్నీళ్లు ఎప్పుడు కాస్తారు, దోమతెరకు చిల్లు పడింది, కుక్క రాత్రంతా అరిచింది, ఇవే మాటలు. నాకు సగానికి పైగా అందాయి. ఇంకో సంగతి కూడా గమనించాను. సిస్టరుకి కూడా ఇంగ్లీషు సొంత భాష కాదు. చిల్లును ఇంగ్లీషులో ఏమంటారో ఆమెకు తట్టలేదు. వేలు దోమతెరలో దూర్చి చూపించింది. లెక్చరరు చెప్పగానే, “యెస్, యెస్, హోల్” అని గట్టిగా నవ్వింది.

రూతమ్మత్త నన్ను చూపించి ఏదో సైగ చేసింది. సిస్టర్ నా రెండు చేతులూ పట్టుకుని, నిదానంగా, రేపు నా నోరు నువ్వేనన్నమాట అంది. ఆ మాట మొదటిసారికే అర్థమైంది.

శనివారం పది గంటలకు సభ. రెండు వందల మందికి తక్కువ ఉండరు. మొదటి భాగం బాగానే సాగింది. బ్లేడు మరగబెట్టడం, ఉతికిన గుడ్డ, బొడ్డుకి పేడ గాని బూడిద గాని రాయకూడదనడం. ఆమె పొట్టి వాక్యాలు చెప్పి ఆగేది. తెలియనిచోట నేను తల ముందుకు వంచేదాన్ని. ఆమె మళ్లీ చెప్పేది. ముర్రుపాలు పిండి పారబోయకూడదని చెప్పినప్పుడు వెనక నుంచి ఎవరో, “అవి బిడ్డకి అరగవమ్మాయ్, చెప్పావిడకి!” అని కేకేశారు. అది ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. దానికి జవాబూ తెచ్చాను. రూతమ్మత్త ముందు వరసలో తలెత్తుకుని కూర్చుంది.

ప్రశ్నలడగొచ్చన్నారు. వదిన లేచి నిలబడింది. కొంగు భుజం నిండా కప్పుకుని, నేల చూస్తూ, అనుకున్నదంతా తడుముకోకుండా అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. సిస్టర్ మొహంలో నవ్వు పోయింది. బిడ్డ పచ్చబడిందా, ఎప్పుడు పచ్చబడింది, తల్లి రక్తం ఏ రకం, తండ్రిది ఏ రకం అని ఒకదాని వెంట ఒకటి అడిగింది. రక్తం రకం వదినకు తెలియదు. మాలో ఎవరికీ తెలియదు. అప్పుడు సిస్టర్ చెప్పడం మొదలుపెట్టింది.

తల్లి రక్తం ఒక రకం, బిడ్డ రక్తం ఇంకో రకం అయినప్పుడు ఇలా జరగవచ్చు. మొదటి బిడ్డకి సాధారణంగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డల మీదికే తల్లి రక్తం తిరగబడుతుంది. పని చేసినందువల్ల గాని, తిన్నదానివల్ల గాని వచ్చేది కాదు. ఎవరి తప్పూ లేదు. ఇంతవరకూ తెలుగులో చెప్పాను. వదిన నేల మీంచి చూపు తీసి నన్ను చూసింది.

తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను. మాటలన్నీ నాకు తెలిసినవే. ఒక్కటి కూడా జారిపోలేదు. పుట్టిన బిడ్డ రక్తాన్ని కొంచెం కొంచెంగా బయటికి తీసేసి, దాని చోట వేరే రక్తం ఎక్కిస్తారు, అవసరమైతే రెండుసార్లు. సిస్టర్ అన్నది అదే. కాని అలా ఎలా అవుతుంది? రక్తం తీసేస్తే మనిషి బతుకుతాడా? బీరువాలో ఏ పుస్తకమూ అలాంటి మాట చెప్పలేదు. నేనే తప్పు విన్నాననుకున్నాను. మాస్టారు చెప్పిన సలహా వెంటనే అక్కరకొచ్చింది. 'బిడ్డకి రక్తం పట్టాలంటే తల్లి ఆకుకూరలు, బెల్లం తినాలి' అన్న మాట నోటి చివర దాకా వచ్చింది. మంచి మాటే. ఎవరూ తప్పు పట్టరు. సభ చల్లారదు.

వదిన ఇంకా నిలబడే ఉంది.

నేను తెలుగు చెప్పకుండా సిస్టర్ వైపు తిరిగి, మళ్లీ చెప్పమన్నాను. ఆమె అదే చెప్పింది. తల్లి రక్తమా, బిడ్డ రక్తమా అని అడిగాను. బిడ్డదే అంది. అంతా తీసేస్తారా అన్నాను. హాలులో గుసగుసలు మొదలయ్యాయి. “ఏంటమ్మా, వాళ్లిద్దరే మాట్లాడుకుంటన్నారు?” అని ఎవరో అన్నారు. సిస్టర్ కాగితాలు బల్ల మీద పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకుంది. ఎడమ అరచేతిలో బిడ్డ ఉన్నట్టు పట్టుకుని, కుడిచేత్తో చిన్న సిరంజి లాగినట్టు చూపించింది, పక్కన పోసింది. ఇంకోవైపు నుంచి లాగింది, బిడ్డకి ఎక్కించింది. మళ్లీ లాగింది, మళ్లీ ఎక్కించింది. నిదానంగా.

నేను విన్నది విన్నట్టు తెలుగులో చెప్పాను.

హాలంతా ఒక్కసారే మాట్లాడింది.

“బిడ్డ రక్తం తీసేస్తే ఇంకేం మిగులుద్దే?”

“ఆవిడన్నది అది కాదేమో, పిల్ల కంగారుపడింది.”

“మాస్టారైతే ఇట్టాంటి మాట అనేవాడు కాదు” అని ఒకావిడ అంటే చుట్టూ నవ్వారు. రూతమ్మత్త నవ్వలేదు గాని, నా వైపు కూడా చూడలేదు.

సిస్టర్ చివరగా చెప్పింది ఇది. గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లి భార్యాభర్తలిద్దరి రక్తం చూపించుకోవాలి. కాన్పు దాకా ఆగకూడదు, ఈ నెలలోనే. కాన్పు అక్కడే జరగాలి. అదీ చెప్పాను. నవ్వుల మధ్య ఎంతమంది విన్నారో తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తెనాలి వైపు పాసింజరు ఎక్కాం. ఎక్స్‌ప్రెస్సు కంటే ఇది బాగా ఆలస్యం, కాని కూర్చోవడానికి చోటుంటుంది. వదిన కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. వరి పసుపెక్కుతోంది, ఇంకో రెండు మూడు వారాల్లో కోతకొస్తుంది. పొన్నూరు కళాశాల పిల్లలు నలుగురు ఎక్కి పాటలు పాడారు. జామకాయలమ్మే ఆమె వచ్చింది. వదిన ఒకటి కొని, కొరక్కుండా ఒళ్లో పెట్టుకుంది. హాలులో ఉన్నప్పుడు నా చెవుల మీద నాకున్న నమ్మకం, బండిలో కూర్చున్నాక తగ్గుతూ వచ్చింది. నిన్న పొద్దున 'టీ' ఒక్కటే అర్థమైన చెవులే కదా ఇవి.

తెనాలిలో దిగేసరికి అయిదు దాటింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఇక్కడ బాపట్ల నుంచి వచ్చేవాళ్లకి రెండు దారులు చీలతాయి. రేపల్లె బండి ఒకవైపు, గుంటూరు బండి ఒకవైపు. ఆ సాయంత్రం రెండూ నిలబడే ఉన్నాయి. మేం రేపల్లె బండి వైపు నడిచాం. సగం దూరం వెళ్లాక వదిన ఆగింది.

“ఇంటికెళితే మళ్లీ గుంటూరు రానియ్యరు” అంది. “కోతలంటారు. కోతలైతే మినుములంటారు. మీ అమ్మ అసలే నమ్మదు.”

“అన్నతో నేను మాట్లాడతాలే వదినా.”

“అంతమందీ నవ్వారు సుగుణా. నువ్వు సరిగ్గానే విన్నావా?”

“మాటలన్నీ సరిగ్గానే విన్నా. అడిగి మరీ విన్నా. ఆ సంగతి నిజంగా ఉంటుందో లేదో మాత్రం నాకు తెలవదు” అన్నాను.

వదిన బ్యాగు కింద పెట్టింది. “ఆవిడ ఎట్టా అందో అట్టాగే అను. ఇంగ్లీషులోనే.”

“నీకేం తెలుస్తది?”

“నాకు తెలియాలని కాదు. అను.”

జనం మా రెండు పక్కల నుంచీ వెళుతున్నారు. అక్కడే నిలబడి, సిస్టర్ ఇంగ్రిడ్ చెప్పిన వాక్యాలు మొదటి నుంచీ చివరిదాకా, ఆమె ఆగినచోట ఆగుతూ, ఇంగ్లీషులో చెప్పాను. వదిన నా కళ్లలోకి చూస్తూ మొత్తం విన్నది. ఎక్కడా తడబడలేదు నేను.

“తెలిసింది” అంది వదిన. “అబద్ధమైతే ఎక్కడో ఒకచోట నీళ్లు నమిలేదానివి. పద, గుంటూరు బండెక్కుదాం.”

టిక్కెట్లు మార్చుకునే వీలు లేదు. గుంటూరుకి కొత్తవి తీసుకున్నాం. రేపల్లె వెళుతున్న మా సంఘం ఆడవాళ్లతో ఇంటికి కబురు పంపాం. గంట ప్రయాణం. రాత్రికి గుంటూరు స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగు గదిలో పడుకున్నాం. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లినా భయం లేదు, నీళ్లు ఉంటాయి. ఆదివారం పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వదిన చెప్పింది విని, నన్ను అడిగింది.

“రక్తం మార్చే సంగతి మీకెవరు చెప్పారమ్మా?”

చెప్పాను.

“కరెక్టుగా చెప్పింది. ఇక్కడా చేస్తాం. మీ ఆయన్ని కూడా తీసుకురా, ఇద్దరికీ చూడాలి” అంది వదినతో.

ఆ తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. అన్న వెళ్లాడు. పరీక్షలో సిస్టర్ అనుకున్నదే తేలింది. నెలలు నిండకముందే అక్కడే కాన్పు చేశారు. ఆడపిల్ల, పుట్టగానే పచ్చబడింది. రక్తం రెండుసార్లు మార్చారు. ఇప్పుడు పెనుమూడి బళ్లో చదువుకుంటోంది, వాళ్ల అన్నతో రోజూ కొట్లాడుతుంది.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో మాత్రం ఇవేవీ తెలియవు. మధ్యాహ్నం తెనాలిలో మళ్లీ బండి మారి రేపల్లె పాసింజరు ఎక్కాం. నాకు ఒళ్లంతా నొప్పులుగా ఉంది, వేమూరు దాకా కళ్లు మూసుకున్నాను. మెలకువ వచ్చేసరికి ఎదురుగా భట్టిప్రోలు వెళ్లే ముసలావిడ ఒకామె, ఒళ్లో బుట్టతో, వదినను నిలదీస్తోంది.

“రక్తం మార్చడమేంటే? పంచె మార్చినట్టు మారుస్తారా?”

“ఒక్కసారే కాదు మామ్మా. ఇదిగో, ఇంత తీస్తారు. అంతే పోస్తారు. మళ్లీ ఇంత తీస్తారు.” వదిన ఎడమ అరచెయ్యి ఊయలలా పట్టుకుని, కుడిచేత్తో లాగి చూపిస్తోంది, ఎక్కించి చూపిస్తోంది. “తల్లిది కాదు, బిడ్డదే. మొదటి బిడ్డకి ఏం కాదు. తర్వాతోళ్లకే. పనులు చేసినందుకు కాదు, తిన్నందుకు కాదు. ఎవరి తప్పూ లేదు.”

“అయితే మా మనవరాలికీ అంతేనంటావా? దానికీ ఇద్దరు పోయారు” అంది ముసలావిడ.

“పచ్చబడ్డారా? మొదటిది బతికిందా? ముందు రక్తం ఏ రకమో చూపించండి మామ్మా” అని వదిన వరసగా అడగడం మొదలుపెట్టింది.

నేను మళ్లీ కళ్లు మూసుకుని విన్నాను. బాపట్ల హాలులో ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు అవే వరసలో వస్తున్నాయి. ఒక్కటీ తప్పలేదు. నేను దిద్దాల్సింది ఏమీ లేకపోయింది.

రేపల్లెలో దిగేటప్పటికి పెనుమూడి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అన్నతో మాట్లాడతానన్నాను గదా, కండక్టరు ఈల వేస్తుంటే వదిన బ్యాగు నేనందుకుని, ఇద్దరం త్వరత్వరగా నడిచి ఎక్కాం.